అక్క గాజు గిన్నె

మా ఆఫీసు వంటగదిలో పనిచేసే ఆమెను అందరం అక్క అనేవాళ్లం. పేరు అడిగిన పాపాన ఎవరూ పోలేదు. పన్నెండింటికల్లా ఆ గది కిటికీ గట్టు మీద మా డబ్బాలు వరుసగా పెట్టి వచ్చేవాళ్లం. ఒంటిగంటకు వెళితే తిండి వేడిగా ఉండేది. లోపలికి తొంగిచూసే అవసరం ఎవరికీ పడలేదు.

ఆ డబ్బాలను తలుచుకుంటే ఇప్పటికీ నాకు డోకొస్తుంది. ఐస్‌క్రీమ్ అయిపోగానే పారేయాల్సినవి, హోటలువాళ్లు కూర పోసిచ్చిన పల్చటివి, మూత సాగిపోయినవి, ఎంత తోమినా జిడ్డు వదలనివి. అన్నిటినీ మించింది మా పెద్దసారు డబ్బా. ఆయన ఎంగిలిచేత్తో కాకిని తోలని మనిషి. వెన్న కొన్నప్పుడు వచ్చిన డబ్బాను మూడేళ్లుగా వాడుతున్నాడు. అడుగంతా గీతలు, గీతల నిండా నల్లటి మురికి. మూత తీస్తే తడిసి మాసిన గుడ్డ వాసన. ఛీ! నా గులాబీరంగు డబ్బా మాత్రం ఏం తక్కువ తిందని!

అక్క ఒకసారి చెప్పి చూసింది.

"సార్, ఈ పల్చటి ప్లాస్టిక్ వేడికి ఆగదు. అందులో ఉన్నదంతా కూరలోకి దిగుతుంది. గాజుదో పింగాణీదో తెచ్చుకోండి. పింగాణీకి బంగారు అంచు ఉంటే వద్దు, నిప్పురవ్వలు లేస్తాయి. కొనేముందు అడుగున మైక్రోవేవ్ గుర్తుందో లేదో చూసుకోండి."

"నీ పని నువ్వు చూసుకో," అన్నాడాయన.

ఆయన ఊఁ అంటేనే ఆమెకు ఆ ఉద్యోగం. ఇంట్లో మంచాన పడ్డ చెల్లెలుంది. ఇద్దరి కడుపులూ ఆ జీతంతోనే నిండాలి. అక్క మళ్లీ నోరెత్తలేదు.

చెల్లెల్ని ఆసుపత్రికి తీసుకెళ్లాలని ఒకరోజు అక్క సెలవు పెట్టింది. మాలో ఎవరికీ అక్కడి మైక్రోవేవ్ మిషన్ మీట నొక్కడం కూడా రాదు. పెద్దసారే ముందుకొచ్చి, తన డబ్బాకు మూత బిగించి లోపల పెట్టి, పది నిమిషాలు తిప్పాడు. కాసేపటికి కాలిన చెప్పుల కంపు. తలుపు తీస్తే డబ్బా చతికిలబడి ఉంది. కూరా ప్లాస్టికూ ఒకటై, నల్లగా, తీగలు సాగుతూ కారుతోంది. ముక్కులు మూసుకుని బయటికి పరిగెత్తాం.

మర్నాడు అందరి ముందూ అక్కను నిలబెట్టాడు.

"మూడేళ్లుగా అదే డబ్బాలో వేడవుతోంది. నిన్నే ఎందుకు కరిగింది? మిషన్‌ని ఏం చేసిపెట్టావ్?"

"ఆ డబ్బాను ఒక్కరోజు కూడా అందులో పెట్టలేదు సార్," అంది అక్క. "నా గాజు గిన్నెలో పోసి వేడిచేసి, కాస్త చల్లారాక మళ్లీ డబ్బాలో పోసేదాన్ని. అందరిదీ అంతే."

మూడేళ్లు మమ్మల్ని కాపాడింది ఆవిడ. ఆ మాట విన్నాక ఆమెకు దణ్ణం పెట్టాలి. పెద్దసారు మొహం మాత్రం వికారంగా అయిపోయింది.

"అందరి కూరలూ ఒకే గిన్నెలోనా?"

ఒకాయన లేచి వెళ్లి పుక్కిలించి ఉమ్మి వచ్చాడు. ఇంకొకావిడ పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. అన్నేళ్లు ఆ పాచి డబ్బాల్లో తిన్నవాళ్లకు, శుభ్రమైన గాజు గిన్నె అంటే ఒళ్లు జలదరించింది! వాళ్లనని ఏం లాభం, నేనూ అడక్కుండా ఉండలేకపోయాను.

"ప్రతిసారీ కడిగేదానివేనా అక్కా?" అనేశాను.

అక్క నావైపే చూసింది. "కడిగేదాన్నమ్మా. సబ్బుపెట్టి, రోజుకు పదిసార్లు."

"చూశారా, మీకే కాదు, ఆ అమ్మాయికీ అనుమానమే," అన్నాడు పెద్దసారు.

సాయంత్రానికి అక్కను పనిలోంచి తీసేశారు. ఆ కాగితాన్ని టైపు చేసే పని నాకే పడింది. 'శుభ్రత విషయంలో సిబ్బంది అనుమానం వ్యక్తం చేసినందున' అని పెద్దసారు చెబుతుంటే, అక్షరం పొల్లుపోకుండా కొట్టి ఇచ్చాను. ఆ సిబ్బంది ఎవరో కాదు, నేనే.