వదిలేసిన చెయ్యి

పాలకాయతిప్ప దగ్గరి మడ అడవిలో మండపీతలు పట్టడంలో సూర్యకుమారిని మించినవాళ్లు లేరని ఆ పల్లెలో అందరూ ఒప్పుకుంటారు. టీవీ వాళ్లు వచ్చేనాటికి యాభై అయిదేళ్ల మనిషి. మొలలోతు బురదలో దిగి ఇనుప కొక్కేన్ని బొరియలోకి పోనిచ్చిందంటే, పీత దాన్ని పట్టుకున్న తీరునుబట్టే పెద్దదో చిన్నదో చెప్పేసేది. భర్త నరసింహం పడవ మీద వేటకెళ్తాడు. తల్లి నాంచారమ్మ డెబ్బై దాటిన మనిషి, కూతురి దగ్గరే ఉండేది. సూర్యకుమారి తమ్ముడు సత్తిబాబు ఇల్లు రెండు వీధుల అవతల ఉన్నా, కూతురి చేతి వంటే కావాలనేది.

రెండేళ్ల కిందట చలికాలం వెళ్లిపోతుండగా గుడివాడ నుంచి గోవర్ధనరావు అనే ఆయన వచ్చాడు. టీవీ వాళ్లకు పల్లెల్లో కావలసినవి అమర్చిపెట్టడం ఆయన పని. అనిల్ కుమార్ అనే సీరియల్ నటుడు ఏడు రోజులు తిండీ నీళ్లూ లేకుండా మడ అడవిలో ఒక్కడే బతికి బయటపడతాడనీ, దాన్ని తీయడానికి దారి తెలిసిన మనిషి కావాలనీ అడిగాడు.

"ఒక్కళ్లే బతికేటప్పుడు నేనెందుకండీ?" అంది సూర్యకుమారి.

"ఆయన బతకాలిగా అమ్మా," అని నవ్వి, ఏదో కాగితం మీద సంతకం చేయించుకున్నాడు గోవర్ధనరావు.

పని మొదలయ్యాక ఆవిడకు సంగతి అర్థమైంది. పొద్దు పొడవకముందే వెళ్లి ఇసుకతిప్ప మీద చెలమ తవ్వి, మంచినీళ్లు ఊరాక పైన ఇసుక కప్పి, తన అడుగులు కనపడకుండా ఆకుకొమ్మతో ఊడ్చేది. తొమ్మిదింటికి అవనిగడ్డ లాడ్జి నుంచి కారులో అనిల్ కుమార్ దిగేవాడు. మొహానికి బురద రాసేవారు. ఆల్చిప్పతో నాలుగు సార్లు గీరి, నీళ్లు చూసి, మోకాళ్ల మీద పడి ఏడ్చేవాడు. నిజంగానే కన్నీళ్లొచ్చేవి. పీతల్నీ ఆవిడే పట్టేది. ఆయన వేళ్లు కొరక్కుండా ముందే వాటి డెక్కలు విరిచెయ్యమన్నారు. బతికున్న పీత డెక్క ఆవిడ ఎన్నడూ విరవలేదు. మొదటిది విరిచినప్పుడు మొహం పక్కకు తిప్పుకుంది. నాలుగోదానికి తిప్పుకోలేదు. నిప్పు నరసింహం కిరసనాయిలు పోసి రాజేశాడు. మూడోరోజు లాడ్జి బిర్యానీ పడక అనిల్ కుమార్ కడుపు చెడితే, ఉప్పునీళ్లు తాగి కూలబడ్డట్టు తీశారు.

"బాబూ, మేం ఎవరం ఒంటరిగా లోపలికి వెళ్లమండీ," అని ఒకసారి చెప్పింది సూర్యకుమారి. "ఇద్దరం వెళ్తాం. ఒకళ్లు కేకేస్తే ఇంకొకళ్లు పలకాలి. పలక్కపోతే వెతుక్కుంటూ వెళ్తాం. అలాగే బతికాం ఇన్నాళ్లూ."

"నిజమేనండి," అన్నాడు అనిల్ కుమార్ మర్యాదగానే. "కానీ అది చూపిస్తే ఎవరు చూస్తారు?"

అయిదో రోజు పోటు ఎక్కి పాయలు నిండిపోవడంతో పని ఆగింది. అందరూ ఇసుక మీద తలో చోట కూర్చున్నారు. మైకులు తగిలించే బందరు అమ్మాయి సూర్యకుమారి పక్కకు వచ్చి కూర్చుంది. ఆవిడ తెచ్చుకున్న చద్దన్నంలో ఒక ముద్ద అడిగి పెట్టించుకుంది.

"నీ పేరేంటమ్మా?"

"సుమతి అండి."

సూర్యకుమారి చెయ్యి గిన్నెలోనే ఆగిపోయింది. "మా చెల్లెలి పేరూ అదే," అంది.

"ఎక్కడుంటారండి ఆవిడ?"

నలభై ఆరేళ్లుగా నరసింహానికి కూడా చెప్పని మాట, ఎవరో పిల్ల ముందు బయటికొచ్చింది.

"దివిసీమ ఉప్పెనలో పోయిందమ్మా. నాకు తొమ్మిదేళ్లు, దానికి నాలుగు. అమ్మ సత్తిబాబుని కడుపుతో ఉండి బందరు వెళ్లింది పురిటికి. నాన్న మమ్మల్ని తుమ్మచెట్టు ఎక్కించి, మేకను విప్పడానికెళ్లాడు, మరి రాలేదు. నీళ్లు తాటిచెట్టంత ఎత్తున వచ్చినాయి. ఒక చేత్తో కొమ్మ, ఒక చేత్తో దాన్ని పట్టుకున్నా. ముళ్లు దిగిపోయినాయి ఒళ్లంతా. రెండు చేతులతో పట్టుకుంటేగానీ కొమ్మ మీద నిలిచేలా లేను. చెయ్యి జారిపోయిందని చెప్పాను అమ్మకి. జారలేదమ్మా. అది గట్టిగా పట్టుకుంది. నేనే విప్పాను. ఒక్కొక్క వేలు."

ఆ అమ్మాయి చేతిలోని ముద్ద గిన్నెలో పెట్టేసింది.

"అక్కా అని పిలిచుంటే వదిలేదాన్ని కాదేమో. పిలవలేదు. నన్ను చూస్తా ఉంది, అంతే."

ఆ అమ్మాయి ఆవిడ భుజం పట్టుకుని ఏడ్చింది. లోపల దారులు చెబుతున్నప్పుడు వెనక వచ్చే కెమెరా వాళ్లకు గొంతు వినపడాలని ఆ పొద్దున సూర్యకుమారి రవికకు తగిలించిన మైకు అప్పటికీ అలాగే ఉంది. ఆ సంగతి ఆ అమ్మాయికి గుర్తుందో లేదో సూర్యకుమారికి ఈనాటికీ తెలియదు.

ఎండాకాలంలో ఆదివారం సాయంత్రాలు ఆ కార్యక్రమం వచ్చింది. సత్తిబాబు ఇంట్లో టీవీ పెద్దది కాబట్టి వీధంతా అక్కడే చేరేవారు. అనిల్ కుమార్ నీళ్ల కోసం ఇసుక గీరుతుంటే, "అక్క తవ్విన చెలమే అది!" అని సత్తిబాబు కేక పెట్టేవాడు. అందరూ పడీపడీ నవ్వేవారు. నాంచారమ్మ మంచం మీద కూర్చుని, కూతురు ఎక్కడైనా కనపడుతుందేమోనని తెర మూలల్లో వెతుక్కునేది.

చివరి వారం అనిల్ కుమార్ ఒక చెట్టు మొదట్లో చేరగిలబడి, నీరసంగా మాట్లాడాడు. "ఈ నేల మీద ఉప్పెన రోజున తొమ్మిదేళ్ల పిల్ల ఒకతి తన చెల్లెల్ని వదిలేసి బతికింది. తప్పంటారా మీరు? బతకడం అంటే ఇదే. వదిలేయగలగాలి." తెర నల్లబడింది. ఆ నల్లటి తెర మీద ఒక ఆడగొంతు వినిపించింది. "జారలేదమ్మా. అది గట్టిగా పట్టుకుంది. నేనే విప్పాను. ఒక్కొక్క వేలు."

తర్వాత సబ్బు ప్రకటన వచ్చింది.

"అది నీ గొంతేగా?" అంది నాంచారమ్మ.

సూర్యకుమారి తల దించుకుంది.

"చెయ్యి జారిందన్నావు గదే. చిన్నపిల్ల, ఎంతసేపని పట్టుకుంటుందిలే అని నిన్నే ఓదార్చాను గదే నేను."

"అమ్మా..."

"నన్నలా పిలవమాక."

ఆరోజు ఆవిడ కూతురితో ఇంటికి వెళ్లలేదు. మర్నాడు సత్తిబాబు వచ్చి తల్లి చీరలూ మందులూ పట్టుకెళ్లాడు. అక్క మొహం చూడలేక గోడకేసి చూస్తూ సంచిలో కుక్కుకున్నాడు.

ఇరవై ఏళ్లుగా సూర్యకుమారితో జతగా అడవిలోకి వెళ్లే మనిషి ఆ వారమే వేరే జత చూసుకుంది. అడిగితే, "ఏమో వదినా, బురదలో దిగబడి నేను కేకేస్తే నువ్వొస్తావని ఏంటి నమ్మకం?" అని మొహమ్మీదే అనేసింది. అప్పట్నుంచి సూర్యకుమారి ఒక్కతే వెళ్తోంది.

"తొమ్మిదేళ్ల పిల్లవే నువ్వు," అన్నాడు నరసింహం ఒకనాడు, వల బాగుచేసుకుంటూ. "నేనైనా అదే చేసేవాణ్ణి."

"నువ్వంటే ఏం లాభం? ఆ మాట అమ్మ అనాలి," అందావిడ.

టీవీలో తన గొంతు వచ్చిన ఆ ముక్క సెల్‌ఫోన్లలో తిరుగుతోందని తెలిసి, తీసేయించమని అడగడానికి బస్సెక్కి గుడివాడ వెళ్లింది. గోవర్ధనరావు కుర్చీ వేయించి, టీ తెప్పించాడు.

"మీ పేరు చెప్పామా? మొహం చూపించామా? లేదు గదమ్మా. మీరు సంతకం కూడా పెట్టారు. పైగా మొత్తం ప్రోగ్రాంలో జనం ఎక్కువగా చూసింది ఆ ముక్కే. మిగతాదంతా నాటకమని తిట్టారు, అదొక్కటే నిజమన్నారు."

"మా అమ్మ నాతో మాట్లాడటం మానేసిందండీ."

గోవర్ధనరావు కప్పు కింద పెట్టాడు. "మీ అమ్మగారు ఉన్నారా ఇంకా?" అన్నాడు.

పది రోజులకు కెమెరాతో ఇద్దరిని వెంటబెట్టుకుని సత్తిబాబు ఇంటికి వచ్చాడు. తల్లీకూతుళ్లను కలుపుతామని చెబితే సత్తిబాబు నమ్మాడు. సూర్యకుమారిని వంటగదిలో నిలబెట్టి, పిలిచినప్పుడు రమ్మన్నారు. తలుపు సందులోంచి తల్లి వీపు కనపడుతోంది. తెల్లచీర కట్టించి, నెత్తికి నూనె రాసి కూర్చోబెట్టారు.

"అమ్మా, ఇంత కాలమైంది. మీ పెద్దమ్మాయిని ఇప్పుడు చూస్తే ఏమనాలనిపిస్తుంది?" అని గోవర్ధనరావు అడిగాడు.

నాంచారమ్మ పైట సర్దుకుంది. "రెండోది మిగిలినా బాగుండేది," అంది.

అదే సమయానికి వీధిలో ఆటో హారన్ మోగింది. మైకు పట్టుకున్న మనిషి తల అడ్డంగా ఊపాడు.

"ఆటో అడ్డమొచ్చిందమ్మా. ఇంకొక్కసారి చెప్పండి," అన్నాడు గోవర్ధనరావు.

నాంచారమ్మ గొంతు సవరించుకుని, ఈసారి ఇంకా స్పష్టంగా, ఒక్కొక్క మాటా విడదీసి చెప్పింది.

సూర్యకుమారిని పిలవనే లేదు. ఆవిడ పెరటి తలుపు తీసుకుని వెళ్లిపోయింది. ఆ ముక్క ఎక్కడా రాలేదు. మరుసటి ఏడాది కార్యక్రమం ఎక్కడో కొండల్లో తీశారని, ముసలావిడ మాటలు దానికి పనికిరాలేదని తర్వాత తెలిసింది.

ఈ వానాకాలంలో నాంచారమ్మకు జబ్బు చేసి, తిండి సయించడం మానేసింది. సూర్యకుమారి చిన్నపీతలు ఏరి, చింతపండు తగ్గించి, తల్లికి నచ్చేట్టు పులుసు పెట్టి, సత్తిబాబు పెళ్లానికిచ్చి పంపింది. తను పెట్టానని చెప్పొద్దంది. నాలుగు రోజులు ముసలావిడ గిన్నె నాకినట్టు తింది. అయిదోరోజు మరదలు ఖాళీ గిన్నె పట్టుకొచ్చింది.

"తిందా?"

"ఇవాళ మొదటి ముద్దకే నీ చేతి వంటని కనిపెట్టేసింది వదినా. ఇన్నాళ్లూ ఇదేనా తినిపించావు అని నన్ను తిట్టి, గొంతులో వేలు పెట్టుకుని కక్కేసింది. మిగతాది కుక్కకి పెట్టాను."

సూర్యకుమారి గిన్నె అందుకుని, "రేపు నువ్వే వండవే. నేను పీతలు మాత్రం పంపుతా," అంది.