పచ్చ కార్డు

కొండపల్లి దగ్గర థర్మల్ కేంద్రంలో బాయిలరు చుట్టూ ఇనుప గొట్టాలతో పరంజా కట్టించడం ఆరోన్ పని. తను పరీక్షించి పచ్చ కార్డు తగిలిస్తేనే మిగతావాళ్లు ఎక్కాలి. కూతురు కృప పుట్టిన దగ్గర్నుంచి అతనికి ఒక్కసారి చూస్తే తృప్తి ఉండటం లేదు. పాప ఊపిరి తీసుకుంటోందో లేదో చూసి పడుకుని, మళ్లీ లేచి చూసినట్టే, గొట్టాలను కలిపి బిగించిన క్లాంపుల దగ్గరికీ మళ్లీ వెళ్తున్నాడు.

ఆ ఉదయం కార్డు తగిలించాక, దాన్ని తీసేసి మళ్లీ ఎక్కబోయాడు. వెల్డర్ సాంబశివరావు అడ్డం వచ్చాడు.

"పాప పాలసీసా పైన మర్చిపోయారా సార్?"

అందరూ నవ్వారు. తర్వాత సాంబశివరావే గొంతు తగ్గించి, "మీ పని మీద మీకే నమ్మకం లేకపోతే మేమెట్లా ఎక్కేదండీ?" అన్నాడు.

తన భయం వాళ్లకూ పాకుతోందని ఆరోన్‌కు అప్పుడే తెలిసింది. అలాగని చూడకుండా ఉండలేడు. చేతిలోని స్పానర్ సాంబశివరావుకిచ్చాడు.

"ఈసారి నువ్వు చూసి రా. నీకు సరే అనిపిస్తేనే కార్డు పెడదాం."

సాంబశివరావు నవ్వుతూనే సేఫ్టీ బెల్టు తగిలించుకుని ఎక్కాడు. ఒక్కో క్లాంపూ బిగించి చూస్తూ చివరిదాకా వెళ్లాడు. దిగబోతూ ఆగి, వెనక్కి తిరిగి మొదటి క్లాంపు దగ్గరికి నడిచాడు.

కింద ఎవరూ నవ్వలేదు. ఆరోన్ కార్డు పట్టుకుని ఎదురుచూశాడు.