నాయనమ్మ పళ్లకు వెండి కాగితం

నా చిన్నప్పుడు మా ఊరు బోథ్‌లో పళ్లకు తీగలు వేయించుకున్న మనిషిని ఎవరూ చూసి ఉండరు. హైదరాబాదులో చదువుకునే మా పక్కింటి అక్క ఒక క్రిస్మస్ సెలవులకు అట్లా తీగలతో దిగేసరికి వాడంతా ఒకటే ముచ్చట. కింద పడి దవడ విరిగిందని కొందరు, పట్నం సోకని కొందరు అన్నారు. ముసలమ్మలైతే నోరు తెరవమని మరీ చూసి, "వెండియేనా బిడ్డా? ఎన్ని తులాలు వడ్డది?" అని అడిగేవాళ్లు. పాపం అక్క, చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయేది.

నా కన్నంతా ఆ తీగల మీదే. నావి ఎత్తుపళ్లు. తీగలు వాటిని దారికి తెస్తాయని అక్కే చెప్పింది. మాకు అంత స్తోమత ఎక్కడిది? అందుకే నేనూ చెయ్యి అడ్డం పెట్టుకునే నవ్వేదాన్ని.

ఏటా పండగనాడు చర్చిలో మొదటి పాట అక్కదే. ఈసారి పాడనని మొండికేసింది. పాస్టరు అయ్యగారు నచ్చజెప్పినా, వాళ్లమ్మ బతిమాలినా వినలేదు. ఆ పాట కోసం ఏడాదంతా ఎదురుచూసే మా నాయనమ్మ మాత్రం, నేను తిన్న చాక్లెట్ల వెండి కాగితాలు అడిగి తీసుకుని రొంటిన దోపుకుంది.

పండగనాడు అయ్యగారు పాటకు పిలిచేసరికి, అంతమందిలో కాదనలేక అక్క లేచి నిలబడింది. నిలబడిందే గానీ నోటి మీది చున్నీ తీయదు. అందరూ ఆమెనే చూస్తున్నారు. అక్క కళ్లలో నీళ్లు తిరుగుతుంటే నాకూ ఏడుపొచ్చింది. అప్పుడు ముందు చాప మీద కూర్చున్న నాయనమ్మ అక్క వైపు చూసి నోరంతా తెరిచి నవ్వింది. ఆమెకు మిగిలినవే నాలుగు పళ్లు. ఆ నాలుగింటికీ వెండి కాగితం చుట్టుకుని వచ్చింది!

అక్క ఫక్కుమంది. చున్నీ జారింది, తీగలన్నీ బయటపడ్డాయి, చర్చి మొత్తం నవ్వింది. ఆ నవ్వులోనే అక్క పాట అందుకుంది. మొదట్లో మాట కాస్త తడబడింది గానీ, రెండో చరణానికి తీగల సంగతి అందరూ మరిచిపోయారు.

ఇంటికి వస్తూ, "అందరు నవ్వుతుంటె నీకు సిగ్గుగాలేదా నాయనమ్మా?" అని అడిగాను.

"సిగ్గెందుకే? పిల్ల పాట ఆగిపోతదేమోనని నా ఫికర్ నాకుండె," అంది. అప్పటికీ నవ్వు ఆపుకోలేక నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే ఉన్నాను. అది చూసింది. "గీ చెయ్యి జర నాకియ్యి బిడ్డా, నడువ శాతనైతలేదు," అంది.

పొద్దున అదే దారిలో నాకంటే ముందు నడిచిన మనిషి! అయినా ఇచ్చాను. ఇల్లు చేరేదాకా వదల్లేదు.

నా పళ్లు ఇప్పటికీ ఎత్తుగానే ఉన్నాయి. నవ్వొచ్చినప్పుడు చెయ్యి లేవబోతుంది. నాయనమ్మ ఇంకా పట్టుకునే ఉన్నట్టు అనిపించి, అట్లాగే నోరారా నవ్వేస్తాను.