తాడు పట్టే చుట్టం

మా మేనమామ పోయిన సంగతి ఒక పేపర్లో రెండు ముక్కల్లో వచ్చింది. "అడవి బిడ్డ మృతి" అని పైన పెద్దక్షరాలు, కింద మహబూబ్‌నగర్ దవాఖానలో జ్వరంతో పోయాడని ఒక వాక్యం. అరవై దాటి మనుమలను ఎత్తుకున్న మనిషి బిడ్డ ఎట్లా అవుతాడో రాసినవాళ్లకే తెలియాలి. మైదానంలో ఏ పెద్దమనిషి పోయినా 'పొలం బిడ్డ మృతి' అని రాయరు కదా. చెంచులం మాత్రం చచ్చేదాకా బిడ్డలమే. బిడ్డల మాట చెల్లదు, ఎవరైనా చెయ్యి పట్టుకొని ఎక్కడికైనా తీసుకుపోవచ్చు, అదీ ఆ మాటలోని సుఖం. అందుకే ఈ నాలుగు ముక్కలు నేనే రాస్తున్నాను. కోపంగా రాస్తున్నానని మీకు అనిపిస్తే, అవును, కోపంగానే రాస్తున్నాను.

మాది పాత పాలమూరు జిల్లా, నల్లమల లోపల తునికిదొన పెంట. పెంట అంటే మీకు నవ్వొస్తుందని తెలుసు. మీకు పెంట అంటే ఇంటి వెనక కుప్ప, మాకు పెంట అంటే ఊరు. నేను టీచరు ఉద్యోగంలో చేరిన రోజు స్టాఫ్ రూములో ఊరి పేరు చెబితే ఒకాయనకు చాయ్ పొలమారింది. ఆ సంగతి మామకు చెబితే ఆయనేమీ నొచ్చుకోలేదు. "వాని ఊరి పేరు గూడ చెప్పమను, మనం గూడ జర నవ్వుదం" అన్నాడు. ఆ పెంటలో బతకాలి, ఆ పెంట మట్టిలోనే పడుకోవాలి, మామ కోరింది ఇంతే. ఇంత చిన్న కోరిక తీరడానికి ఎంతమందితో తగువు పడాల్సి వచ్చిందో చెబుతాను.

ముందు తాడు సంగతి. కొండతేనె తీయడం మీరు టీవీలో చూసే ఉంటారు. నడుముకు తాడు కట్టుకొని మనిషి కొండ అంచు నుంచి కిందికి దిగుతాడు, బండకు పట్టిన తేనెపట్టుకు పొగబెట్టి కోస్తాడు. కెమెరాలన్నీ దిగినవాణ్ని చూపిస్తాయి. పైన తాడు పట్టినవాణ్ని ఎవరూ చూపించరు. ఆ తాడును ఎవరు పడితే వాళ్లు పట్టకూడదు. దిగినవాడి బావమరిది, అంటే భార్య తోడబుట్టినవాడే పట్టాలి. సొంత తమ్ముడికి కూడా ఇవ్వం. తమ్ముడి కడుపులో అన్న మీద ఏ మంట ఉందో ఎవరు చూడొచ్చారు? బావమరిది మాత్రం వదలడు, వదిలితే బొట్టు పోయేది అతని అక్కకే. కిందికి దిగేవాడు "భారం ఎవరిది?" అని అడుగుతాడు, పైవాడు "భారం నాది" అంటాడు. ఆ మాట విన్నాకే కాలు కిందికి పెడతారు. మా నాయిన దిగిన ప్రతిసారీ ఆ మాట అన్నది మామే.

ఒకసారి తేనెటీగలు లేచి, కింద ఉన్న నాయినను వదిలిపెట్టి పైనున్న మామ మీద పడ్డాయి. ఆయన తాడు వదల్లేదు, మొహం తుడుచుకోవడానికి ఒక చెయ్యి కూడా తీయలేదు. ఇంటికి వచ్చేసరికి నాయిన బాగానే ఉన్నాడు. మామకు కండ్లు మూతబడి, మొహమంతా ఉబ్బిపోయింది. నాయినే చెయ్యి పట్టుకొని నడిపించుకొచ్చాడు. అమ్మ పసుపు రాస్తూ ఏడుస్తుంటే మామ అన్నాడు, "ఏడ్వకే అక్కా. నీ మొగన్ని నీకు అప్పజెప్పిన. అన్ని సక్కగున్నయో లేవో సూస్కో." అమ్మకు ఏడుపులోనే నవ్వొచ్చింది. వాపు తగ్గేదాకా పిల్లలమంతా ఆయనను గుమ్మడికాయ మామ అని పిలిచాం, ఆయన కూడా పలికాడు.

ఆ పట్టు ఆయన చేతుల నుంచి చివరిదాకా పోలేదు. అచ్చంపేటకు వచ్చినప్పుడు రోడ్డు దాటాలంటే నా మణికట్టు పట్టుకునేవాడు, దాటాక కూడా కాసేపు వదిలేవాడు కాదు. గాజులు గుచ్చుకుంటున్నాయి మామా అంటే, "గాజులు పోతె మల్ల కొనుక్కోవచ్చు బిడ్డా" అనేవాడు. గడ్డలు తవ్వితే, మళ్లీ మొలవాలని తీగ తలను మట్టిలో పెట్టి, కాలితో అదిమి గానీ లేచేవాడు కాదు. చాయ్‌లో చక్కెర ఎక్కువైతే మొహం చిట్లించి, "గిది ఈగలు చేసింది కాదు" అని గ్లాసు పక్కన పెట్టేవాడు. కోపం వస్తే అరవడు. ఎదుటివాడి చుట్టరికం అడుగుతాడు. "అది సరే గని, నువ్వు మాకేమైతవ్?" అంటాడు. అటవీ అధికారిని అడిగాడు, కాంట్రాక్టరును అడిగాడు, ఓట్లకు వచ్చిన నాయకుణ్ని కూడా అడిగాడు. నాయకుడు "నీ కొడుకసుంటోన్ని" అంటే, "నా కొడుకులు నాకు ఎరుకే" అని లోపలికి పోయాడు.

ఒక ఏడు ఆదివాసీ దినోత్సవానికి మండలంలో సభ పెట్టారు. మొలకు గుడ్డ కట్టుకొని, విల్లంబులు పట్టుకొని రావాలని మాకు కబురు చేశారు. మామ తెల్లచొక్కా, ప్యాంటు వేసుకొని, తల నున్నగా దువ్వుకొని వచ్చాడు. అడవిలో విల్లు లేకుండా అడుగు బయటపెట్టని మనిషి వట్టి చేతులతో వచ్చాడు. సభ పెట్టినాయనకు ఒళ్లు మండింది. "బాణమేదయ్యా?" అన్నాడు. "ఈడ ఎవర్ని కొట్టాలె సారూ?" అన్నాడు మామ. మావాళ్లంతా పగలబడి నవ్వారు. మామను తీసుకుపోయి చిట్టచివరి కుర్చీలో కూర్చోబెట్టారు. ఆ రోజే మా పడుచువాళ్లు మైకు గుంజుకొని, మేం చెంచులం, అడవి మీద మా హక్కు చట్టంలోనే రాసి ఉంది, ఇది ఎవరి దయా కాదు అని గట్టిగా చెప్పారు. అంతకుముందు మైకు కనబడితే వెనక్కి జరిగినవాళ్లే వీళ్లంతా. మామ చివరి కుర్చీలో నుంచి లేచి నిలబడి విన్నాడు.

తెలంగాణ వస్తే అడవి మీదే అని మాకు చెప్పినవాళ్లు చాలామంది. తెలంగాణ వచ్చింది. కొన్నేండ్లకు, పెద్దపులుల కోసం మీరు బయటికి రావాలి అన్నారు. పులికీ మాకూ తగువు ఎప్పుడు పడిందో మాకైతే తెలియదు. పులిని చూడడానికి వచ్చే జీపులకు మాత్రం లోపల బోలెడు జాగా ఉంది. అడవిలోని జాతరకు వేలమంది వచ్చి మా పూజారుల చేత బొట్టు పెట్టించుకొని పోతారు, పోతూ పోతూ ప్లాస్టిక్ సీసాలు మాకు వదిలిపోతారు. మామ వాటిని ఏరుతూ అనేవాడు, "నర్సిమ్మసామికి పిల్లనిచ్చినోళ్లం మనం. దేవుడు మనకు అల్లుడు. గందుకే ఆయనొక్కడు మనల్ని జరుగుండ్రి అనడు."

పెంటను ఖాళీ చేయించే విషయం మీద గ్రామసభ పెట్టారు. వచ్చిన అధికారి కుర్రవాడు, చెడ్డవాడని నేను అనను. రోడ్డు పక్కన ఇల్లు, సాగుకు భూమి, కరెంటు, పిల్లలకు బడి అని నెమ్మదిగా అన్నీ చెప్పాడు. ఒప్పుకుంటామని ఎవరూ చెయ్యి ఎత్తలేదు. చివరికి ఛాతీ మీద చెయ్యి పెట్టుకొని, "నన్ను నమ్మండి, మీ భారం నాది" అన్నాడు.

ఆ మాట అనకుండా ఉండాల్సింది. మా దగ్గర ఆ మాట ఊరికే అనరు. మామ లేచాడు. చేతులు కట్టుకొని, ఎంతో మర్యాదగా అడిగాడు. "సారూ, మీ అక్కచెల్లెండ్లల్ల ఎవరినన్న మా పెంటకు ఇచ్చిండ్రా?"

"ఏమన్నవ్?" అన్నాడు అధికారి.

"ఇయ్యకుంటె ఇప్పుడన్న ఇయ్యుండ్రి. గప్పుడు మేం నిమ్మలంగ నమ్ముతం."

మామ చేసిన తప్పు అదొక్కటే. "భారం నాది" అన్నవాడికి తాడు సంగతి తెలిసే ఉంటుందనుకున్నాడు. అధికారి చెవులు ఎర్రబడ్డాయి. మామను జీపులో ఎక్కించి ఠాణాకు తీసుకుపోయారు.

నేను బడి నుంచి ఉరికి పోయేసరికి మామ ఠాణాలో నేల మీద కూర్చొని ఉన్నాడు. తన ఇంటి ఆడవాళ్లను తిట్టాడని, పక్కనే కుర్చీలో ఉన్న అధికారి ఫిర్యాదు. తప్పయిందని ఒక్క మాట అంటే వదిలేస్తానన్నాడు ఎస్సై. మామ నిజంగానే ఆలోచించాడు. "తప్పేముంది సారూ? పిల్లనడుగుడు తప్పా? మీరు అడగకుంటనే చేసుకున్నరా?" అన్నాడు. ఎస్సై బల్ల మీద గుద్దాడు. నేను చెంచుల ఆచారం అంటూ మొదలుపెట్టగానే, "చదువుకున్నోళ్లు మీరు గూడ గిదేనా మేడం?" అని నా నోరు మూయించాడు. మేం మాట్లాడితే వినడానికి వాళ్లకు ఎప్పుడూ తీరిక ఉండదు. తిట్టామంటే మాత్రం రాసుకోవడానికి కాగితం సిద్ధంగా ఉంటుంది.

అప్పటికి అమ్మ వచ్చింది. ఎస్సై వైపు చూడనైనా చూడకుండా పోయి అధికారి ముందు నిలబడింది.

"నీకు అక్క ఉన్నదా కొడుకా?"

ఉందని తలూపాడు అతను.

"మీ బావ బండకు వేలాడుతున్నడు. తాడు నీ చేతుల ఉన్నది. ఇడుస్తవా?"

అతను తన అరచేతుల వైపు చూసుకున్నాడు.

"ఇడువవు. మీ అక్క మొఖం యాదికొస్తది. గిప్పుడు మేం వేలాడుతున్నం. భారం నాది అన్నవు. ఎవ్వరి మొఖం యాదికొచ్చి పట్టుకుంటవు నువ్వు? మా తమ్ముడు గదే అడిగిండు. అంతే గని మీ అక్క మాకెందుకయ్యా, మా గుడిసెల ఆమెకు అంబలి ఎవరు పోస్తరు?"

మూలన ఉన్న ముసలి కానిస్టేబులు నవ్వు ఆపుకోలేక బయటికి పోయాడు. అధికారి ఫిర్యాదు వాపసు తీసుకున్నాడు. అతను క్షమించమనలేదు, మేమూ అనలేదు. పొద్దు గూకేలోపు మామను ఇంటికి తెచ్చుకున్నాం.

ఆ మాట పెంట పెంటకూ పాకింది. ఎక్కడ సభ పెట్టి ఎవరు "భారం మాది" అన్నా, ఆడవాళ్లు కొంగు అడ్డం పెట్టుకొని "పిల్లనిచ్చిండ్రా?" అని అడగసాగారు. మా పెంట కదలడానికి ఒప్పుకోలేదు. మామ పెద్దకొడుకు మాత్రం పెండ్లాం పిల్లలతో రోడ్డు పక్కన కట్టిన కాలనీకి పోయాడు. "వాని పిల్లలకు బడి దగ్గర. పోనీ" అన్నాడు మామ. తిట్టలేదు, కానీ ఆ ఇంట్లో ఒక్కపూట కూడా నిద్ర చేయలేదు. ఒప్పుకోనందుకు మాకు శిక్ష వేశామని ఎవరూ చెప్పరు. బోరు వేయరు, దారి బాగుచేయరు, అంబులెన్సు అడవి గేటు దాకా వచ్చి ఆగుతుంది, అంతే.

మొన్నటి వానల్లో మామకు జ్వరం వచ్చింది. మంచం మీద పడుకోబెట్టి గేటు దాకా మోసుకొచ్చారు. అక్కడి నుంచి అచ్చంపేట, అచ్చంపేట నుంచి మహబూబ్‌నగర్. డాక్టర్లు చేయగలిగింది చేశారు, మేం తీసుకురావడమే ఆలస్యమైంది. తెలివి ఉన్నంతసేపు మామ నా చెయ్యి పట్టుకొని అడిగింది ఒక్కటే. "నన్ను రోడ్డు పక్కన పెట్టకుండ్రి బిడ్డా." తెల్లవారి పోయాడు. ఆయన లేని కొండను తలచుకుంటే నాకు ఇప్పటికీ కాళ్ల కింద ఏమీ లేనట్టే ఉంటుంది.

శవంతో వస్తే గేటు దగ్గర ఆపారు. పులుల జాగాలో పూడ్చడం కుదరదట. కొడుకు కాలనీలోనే ఉన్నాడు కదా, అక్కడే కానియ్యండి అని సలహా కూడా ఇచ్చారు. నేను చట్టం చదివాను, అరిచాను, తిట్టాను కూడా, దాచుకునేదేముంది. మేం ఎండలో నిలబడి ఉండగానే పులిని చూసే జీపులకు గేటు లేస్తూనే ఉంది. పెంటల నుంచి మావాళ్లు ఒక్కొక్కరే నడిచివచ్చారు. ఎవరూ నినాదాలు ఇవ్వలేదు. గేటుకు ఇటూ అటూ దారి మీద కూర్చున్నారు. ముందుగా కూర్చున్నది ఆ కాలనీ కొడుకే. జీపులు వరుసగా ఆగిపోయాయి. టోపీలు పెట్టుకున్న సందర్శకులు టికెట్లు చూపించి గొడవ మొదలుపెట్టాక ఎక్కడి నుంచో ఫోను వచ్చింది, మా బండికి దారి ఇచ్చారు. బండిలో పోయేవాళ్ల తలలు లెక్కపెట్టి రాసుకొని మరీ ఇచ్చారు.

పెంటలో మా నాయినను పూడ్చిన చోటు పక్కనే మామను పెట్టాం. పని అయ్యాక అమ్మతో సహా పొద్దున వచ్చినవాళ్లమంతా అదే బండిలో బయల్దేరాం. గేటు దగ్గరికి వచ్చేసరికి పొద్దు వాలింది, కాపలా మనిషి మారాడు. ఈయన పాపం కొత్తవాడు. పొద్దున రాసినదాన్ని చూశాడు, బండిలోకి తొంగి చూశాడు, మళ్లీ కాగితం చూశాడు. పొద్దటాయన శవాన్ని కూడా కలిపి లెక్కపెట్టినట్టున్నాడు.

"ఒకరు తక్కువున్నరు. లోపట ఎవరన్న ఆగిండ్రా? పొద్దుగూకితె బయటోళ్లు లోపట ఉండొద్దు."

నేను నోరు తెరిచేలోపే అమ్మ కిటికీలో నుంచి తల బయటపెట్టింది.

"బయటోడు కాదు. మా తమ్ముడు."

"ఎప్పుడొస్తడు?"

"రాడు. లోపటనే ఉంటడు. గట్లనే రాస్కో."

అతను అట్లాగే రాసుకొని గేటు ఎత్తాడు.