పొడి తాత గొప్ప

దర్జీ తాతకు కొకెయిన్ మాన్పించే కేంద్రంలోనూ గొప్పలే. అందరూ గుండ్రంగా కూర్చుంటే తాను గోడవారన చేరి, "నేను పొడి పీల్చినవాణ్ణి. ఆ క్రాక్ గడ్డలు కాల్చేవాళ్ళ పక్కన కూర్చోను, ఇంటికెళ్ళిపోతా" అన్నాడు.

"మీ పొడిని వండితేనే ఆ గడ్డ, తాతగారూ" అంది నర్సు. "పొగ చప్పున తలకెక్కి చప్పున దిగుతుంది, అందుకే త్వరగా పట్టేస్తుంది. రోగం మాత్రం ఒక్కటే. దీనికింకా సరైన మాత్ర లేదు, నలుగురితో మాట్లాడ్డమే మందు."

తాతను దిగబెట్టడానికి వచ్చిన నానమ్మ అందుకుంది. "జాకెట్టు చేతులు రెండూ మీచేత ఒకవైపే కుట్టించిన గొప్ప పొడి కదా! ఈసారి మధ్యలో ఇంటికొచ్చేశారో, తలుపు తియ్యను."

తాత మీసం దిగింది. కుర్చీ ఈడ్చుకెళ్ళి, క్రాక్ మానుతున్న బస్సు డ్రైవరు పక్కన వేశాడు.

"మానేసి ఎన్నాళ్ళయింది, బాబూ?"

"తొమ్మిది రోజులు."

"నాకు రెండే" అన్నాడు తాత, గొంతు తగ్గించి.