జేబులో మిగిలిపోయిన చీటీ

మా అక్క మొగుడు విమానం కెప్టెన్. ఇంట్లోంచి బయటికెళ్తే తాళం మూడుసార్లు లాగి చూస్తాడు. ఏ మాటనైనా "భద్రం" అనే ముగిస్తాడు. అందుకే కంపెనీలో ఆయన్ని భద్రం కెప్టెన్ అంటారు. అసలు పేరు గుర్తింపు కార్డు మీద తప్ప ఇంకెక్కడా లేదు. నేను అదే కంపెనీలో డ్యూటీ పట్టిక వేసే గుమాస్తాని. ఎవరు ఏ రోజు ఏ విమానం ఎక్కాలో రాసేది నేనే. బావ కూతురు, అంటే నా మేనకోడలు, మూడు నెలల క్రితం అక్కడే కో-పైలట్‌గా చేరింది. "తండ్రినీ కూతుర్నీ ఒకే విమానంలో వేశావో, నీకు నా చేత్తో అన్నం పెట్టను" అని అక్క ఆ రోజే చెప్పేసింది. నేను తిండి విషయంలో రాజీపడే మనిషిని కాదు కాబట్టి ఎప్పుడూ వేయలేదు.

ప్రతి విమానంలోనూ ఒక లాగ్ పుస్తకం ఉంటుంది. దిగిన పైలట్‌కి ఏదైనా లోపం కనిపిస్తే అందులో రాయాలి. రాస్తే, బాగుచేసి సంతకం పెట్టేదాకా ఆ విమానం కదలదు. అంతవరకూ బాగానే ఉంది. రెండేళ్ల కిందట మా యజమాని మరమ్మతులన్నీ తన బావమరిది షెడ్డుకి అప్పగించాడు. అక్కడికెళ్లిన భాగానికి రంగు మారుతుంది గానీ రోగం మారదు. పైగా రాసిన పైలట్‌ని పై అంతస్తుకి పిలిచి "కంపెనీ మీద ప్రేమ లేదా?" అని నిలదీస్తారు. యజమాని ధ్యాసంతా కొత్తగా కడుతున్న హోటళ్ల మీదేననీ, కంపెనీని ఎవరికో అమ్మేదాకా విమానాలు ఎలాగోలా ఎగిరితే ఆయనకి చాలనీ పైలట్ల గదిలో గుసగుసలు.

"బావమరిది బతకగోరతాడంటారు. ఈ షెడ్డు బావమరిది ఎవరి బతుకు కోరుతున్నాడంటావురా?" అని బావ నన్ను చూసి నవ్వేవాడు. ఆ నవ్వు వెనక భయం నాకు తెలుసు.

అలా మొదలయ్యాయి చీటీలు. పుస్తకంలో రాస్తే షెడ్డువాళ్లు "సరిచేశాం" అని సంతకం కొట్టేస్తారు, తర్వాతివాడు దాన్ని నమ్మి మోసపోతాడు. అందుకని పైలట్లు చిన్న కాగితం మీద లోపం రాసి, తర్వాత ఎక్కే కెప్టెన్ చేతిలోనే పెట్టేవారు. బావ ప్రతి చీటీ చివరా "భద్రం" అని రాసేవాడు. మిగతావాళ్లకీ అదే అలవాటైంది. అది తప్పని ఇప్పుడు చెప్పడం తేలిక. అప్పుడు నేనూ భేష్ అన్నవాణ్ణే.

ఆ రోజు పొద్దున తొమ్మిదిన్నరకి బావ విమానం దించాడు. చీటీ రాసి జేబులో పెట్టుకుని, తర్వాతి కెప్టెన్ కోసం మెట్ల దగ్గర నిలబడ్డాడు. అంతలో పై అంతస్తు నుంచి పిలుపొచ్చింది. షెడ్డు సంగతి తేల్చమని పైలట్లంతా రాసిన ఉత్తరంలో మొదటి సంతకం బావదే. అరగంట నిలబెట్టి చెడామడా తిట్టారు. ఒళ్లు మండి, విమానాశ్రయం వెనకే ఉన్న ఇంటికి నేరుగా వెళ్లిపోయాడు.

పదిన్నరకి అక్క ఫోన్ చేసింది. "ఒరేయ్, మీ బావ చొక్కా ఉతుకుదామని తీస్తే జేబులో కాగితం ఉందిరా. చూపించగానే ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. అలాగే పరిగెత్తుకుంటూ వస్తున్నారు."

"ఏం రాసుందక్కా?"

"ఎడమ బ్రేకు సగమే పడుతోంది, చిన్న రన్‌వే మీద దించొద్దు, భద్రం అని. ఆ విమానంలో ఇప్పుడు ఎవరున్నార్రా?"

పట్టిక చూడక్కర్లేదు. రాసింది నేనే. అందులో ఉన్నది నా మేనకోడలు. వెళ్తున్న ఊరి రన్‌వే మాకున్న అన్నిట్లోకీ పొట్టిది. చివర గోడ, గోడ అవతల కాలువ. "చూసి చెప్తానక్కా" అని ఫోన్ పెట్టేసి రేడియో గదికి పరిగెత్తాను. విమానం దిగడానికి ఇంకా పాతిక నిమిషాలుంది.

అక్కడ సంగతి చెప్పగానే మేనేజర్ అడ్డం వచ్చాడు. "రేడియోలో మాట్లాడిందంతా రికార్డవుతుంది. కంపెనీ కొనడానికొచ్చినవాళ్లు పైనే కూర్చున్నారు. వాతావరణం బాలేదని చెప్పి పెద్ద ఊరికి మళ్లించండి, చాలు."

నిజం చెప్పాలంటే నాకు సరేననిపించింది. పిల్ల దిగితే చాలు, ఏ అబద్ధమైతేనేం? అప్పుడే బావ లోపలికొచ్చాడు. ఒక కాలికి తన చెప్పు, రెండో కాలికి అక్క చెప్పు.

"వాతావరణం బాలేదంటే ఆ కెప్టెన్ నమ్ముతాడా? ఎదురుగా ఆకాశం అద్దంలా కనబడుతుంటేనూ! ఇందులో మీకేం లాభముందోనని అనుమానపడి అక్కడే దించుతాడు. మీ మాట మేం నమ్మి ఎన్నాళ్లయిందండీ?" అని మేనేజర్‌ని పక్కకి నెట్టి మైకు అందుకున్నాడు. తన పేరు, లైసెన్సు నంబరు చెప్పాడు. "ఎడమ బ్రేకు సగమే పడుతోంది. పొద్దున నాకు తెలుసు. పుస్తకంలో రాయలేదు. తప్పు నాది. పొడుగు రన్‌వేకి మళ్లించు."

"నీ లైసెన్సు గోవిందా" అన్నాడు మేనేజర్.

బావకి వినపడలేదు. రేడియోలో గరగర తప్ప ఏమీ లేదు. తర్వాత మేనకోడలి గొంతు వచ్చింది. "అర్థమైంది. మళ్లుతున్నాం." నాన్నా అనలేదు.

ఆ తర్వాత నలభై నిమిషాలు బావ నా చెయ్యి పట్టుకునే కూర్చున్నాడు. గోళ్లు దిగి రక్తమొచ్చిన సంగతి నాకూ తెలియలేదు, ఆయనకీ తెలియలేదు. విమానం పొడుగు రన్‌వే దాదాపు చివరిదాకా వెళ్లి ఆగిందని, ఎడమ చక్రం పొగలు కక్కిందని, అందరూ క్షేమంగా దిగారని కబురొచ్చాక గానీ నాకు ఊపిరి ఆడలేదు. ఆ పొట్టి రన్‌వే, ఆ గోడ నా కళ్లముందునుంచి పోవడం లేదు.

సాయంత్రం పిల్ల ఇంటికొచ్చింది. అక్క దాన్ని వాటేసుకుని ఏడ్చింది. బావ గోడకి ఆనుకుని నిలబడ్డాడు, కూతురి మొహం చూడలేకపోయాడు. "నా చేతులతో నేనే నిన్ను..." అని ఆగిపోయాడు.

అది యూనిఫాం జేబులోంచి ఓ మడత కాగితం తీసి బల్ల మీద పెట్టింది. "నిన్న రాశాను నాన్నా. ఇవ్వాల్సిన కెప్టెన్‌గారు సెలవు పెట్టారు. నేనూ మర్చిపోయాను. ఇందాక విమానంలో నీ గొంతు విన్నాక గుర్తొచ్చింది."

ఇంకో విమానం సంగతి అది. "ఎత్తు చూపించే ముల్లు అప్పుడప్పుడు అంటుకుపోతోంది. భద్రం." అక్షరాలు దానివి, మాట తండ్రిది.

ఆ విమానం ఇవాళ ఎగరలేదు. రేపు పొద్దున ఆరింటికి ఎగరాలి. బావని పక్కన పెడుతున్నట్టు కాగితం ఇంకా రాలేదు. పట్టికలో ఆ గడిలో నేను రాసింది ఆయన పేరే.

ముగ్గురం అప్పటికప్పుడు విమానాశ్రయానికి వెళ్లాం. పిల్ల లాగ్ పుస్తకం తెరిచి లోపం రాసింది. సంతకం దగ్గర పెన్ను ఆపింది. ఉద్యోగంలో చేరి మూడు నెలలే కదా.

"భయంగా ఉంది నాన్నా."

"నాకూ భయమేనమ్మా. పెట్టు" అన్నాడు బావ.

పెట్టింది. రేపు ఆ పిల్లని పై అంతస్తుకి పిలుస్తారు, నాకు తెలుసు. నేను నా గదికెళ్లి, పట్టికలో ఆ విమానం గడి కొట్టేసి, పక్కన నా సంతకం పెట్టాను. ఒక్కర్తినే ఎందుకు పిలవాలి?