పోటీపడి పోసిన కుడితి

చదువుకున్నవాళ్లతో వేగడం కంటే గేదెలతో వేగడం సుఖం. హైటెక్ సిటీలో ఒక ఆఫీసు క్యాంటీన్ వ్యవహారాలు చూసే ఉద్యోగం నాది కాబట్టి ఈ మాట అనే హక్కు నాకుంది.

రోజూ మధ్యాహ్నం మూడింటికి కోకాపేట నుంచి ఒకాయన ట్రాలీ ఆటోలో నీలం డ్రమ్ములు వేసుకొచ్చేవాడు. అక్కడ టవర్ల మధ్య ఇంకా అమ్ముకోని కాస్త జాగాలో ఆయనకు నాలుగు గేదెలున్నాయి. కూరగాయల తొక్కలు, గంజి, ప్లేట్లలో మిగిలిన అన్నం తీసుకెళ్లి, తవుడు కలిపి కుడితి పెట్టేవాడు. మా ఆఫీసువాళ్లేమో ఆ మేత కోసం అంతస్తుకొకటి పెట్టిన డబ్బాల్లో టిష్యూలు, సాస్ పొట్లాలు, టూత్‌పిక్‌లు కూడా పడేసేవాళ్లు. అవన్నీ ఏరించలేక నా ప్రాణం విసిగిపోయింది. చివరికి ఒక బోర్డు పెట్టించాను. ఏ అంతస్తు ఎక్కువ శుభ్రమైన మేత ఇస్తే ఆ అంతస్తుకు శుక్రవారం ఐస్‌క్రీమ్. ఆ పాడుబుద్ధి నాకెందుకు పుట్టిందో!

వారం తిరక్కుండా డబ్బాలు శుభ్రపడ్డాయి, పొంగిపొర్లాయి కూడా. గెలవడం కోసం నాలుగో అంతస్తు వాళ్లు ప్లేటు నిండా అన్నం పెట్టించుకుని, రెండు ముద్దలు తిని, మిగతాదంతా డబ్బాలో వేస్తున్నారు. ఇదేం పని బాబూ అంటే, "గేదెలకే కదండీ, పుణ్యం" అన్నాడొకడు నవ్వుతూ.

ఒకరోజు డ్రమ్ములాయన నన్ను బతిమాలాడు.

"అన్నం జాస్తి అయితుంది మేడమ్. తొక్కలియ్యుండ్రి సాలు. గింత అన్నం బర్రెలకు పడది."

"తీసుకెళ్తే మొత్తం తీసుకెళ్లాలన్నా. సగం వదిలేస్తే వేరేవాళ్లను చూసుకోమంటున్నారు పైవాళ్లు" అన్నాను.

పైవాళ్లు అలాంటిదేమీ అనలేదు. మిగిలిందాన్ని ఎక్కడ పారేయాలో తెలియక నేనే కల్పించి చెప్పాను. ఆయన డ్రమ్ములన్నీ ఎక్కించుకున్నాడు.

తర్వాత రెండు రోజులు ఆయన రాలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. డబ్బాలు కంపు కొడుతుంటే తిట్టుకుంటూ కోకాపేట వెళ్లాను. ఎనిమిది నెలల చూడి గేదె పక్కకు ఒరిగి పడి ఉంది. మొన్న రాత్రి తాడు తెంపుకుని, ఇంట్లోవాళ్లు పారబోయకుండా ఉంచిన డ్రమ్ములో తల పెట్టి అన్నమంతా ఖాళీ చేసిందట. కడుపు ఉబ్బిపోయింది. నెమరు లేదు. పశువుల డాక్టరు గొట్టంతో వంటసోడా నీళ్లు పట్టిస్తున్నాడు. డ్రమ్ములాయన భార్య దాని మెడ మీద చెయ్యి వేసి కూర్చుంది.

"పారబొయ్యమనే చెప్పిండు మా ఆయన" అంది నన్ను చూసి. "అన్నం గద మేడమ్, పారబొయ్యబుద్ధి కాలే."

గేదె బతికింది. కడుపులోని దూడ మాత్రం రెండు రోజులకు చచ్చి పుట్టింది. వాళ్లిద్దరూ నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే కాస్త ఊపిరాడేది నాకు.

సోమవారం బోర్డు పీకించి, భోజనాల వేళకు నాలుగో అంతస్తుకు వెళ్లాను. ఒక ఇంజినీరు నిండు ప్లేటుతో డబ్బా దగ్గర నిలబడి ఉన్నాడు. జరిగిందంతా చెప్పాను. నిజంగానే అతని మొహం వాడిపోయింది.

"అయ్యో, సారీ మేడమ్" అన్నాడు. తర్వాత చేతిలో ప్లేటు చూసుకుని, "మరి దీన్ని ఎందులో వెయ్యమంటారు?" అనడిగాడు.

దగ్గర్లో ఉన్న కుర్చీ లాగాను.

"కూర్చుని తినండి."

"మీటింగ్ ఉంది మేడమ్."

"ఉండనివ్వండి."

అతను కూర్చున్నాడు. నేనూ ఎదురుగా కూర్చున్నాను. అతను తింటున్నంతసేపూ నా కోపం అతని మీదో నా మీదో నాకు తేలలేదు. చివరి ముద్ద అయ్యాక ఆ ప్లేటు నేనే తీసుకెళ్లి కడిగాను.